నిమిషానికి నూట నాలుగు

మా బావకీ నాకూ మాటల్లేవని జనం అనుకుంటారు. అదేం కాదు. మాటలు బోలెడున్నాయి, మంచివే లేవు.

ఆ రోజు పొద్దున హాల్లో అడుగుపెడుతూనే చెప్పేశాను. మూడో భాగం అక్క వాయించిన వేగంలోనే రికార్డవ్వాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా నేను సంతకం పెట్టను. నా సంతకం లేకపోతే ఈ రికార్డు బయటికి రాదు. ఇంత చెప్పేటప్పటికి నేనింకా వయొలిన్ పెట్టె కూడా తెరవలేదు. మొదటి వయొలిన్ కుర్చీలో కూర్చుని మా బావ కమాను తీగల మీద జారకుండా దానికి రోజిన్ రుద్దుకుంటున్నాడు. తలెత్తకుండా, ఆ కమానుతోనే చెబుతున్నట్టు, "వచ్చింది మహాతల్లి" అన్నాడు.

మేం నలుగురం. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. ఇలా నాలుగు తీగవాద్యాలు కలిసి వాయించేదాన్ని క్వార్టెట్ అంటారు. దీన్లో మొదటి వయొలిన్ పాట పాడుతుంది, రెండో వయొలిన్ వెనకాల గొడ్డుచాకిరీ చేస్తుంది. మొదటిది మా బావ, అంటే అక్క మొగుడు, రెండోది నేను. చెల్లో మా మేనమామ, అమ్మకి ఆఖరి తమ్ముడు, డెబ్బై నాలుగేళ్ళవాడు, రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వయోలా మా అక్క. అక్క పోయి మూడేళ్ళయింది. ఆమె చోట్లోకి ఒకావిడ వచ్చింది. వచ్చి మూడేళ్ళయినా ఆవిణ్ణి మేమింకా కొత్తావిడ అనే అంటాం. పాపం బాగా వాయిస్తుంది, మా గొడవల్లో తలదూర్చదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఆవిడ అభిప్రాయం.

ఇంత పడనప్పుడు మరి కలిసి ఎందుకు వాయిస్తున్నారని అడగొచ్చు. మా ఇద్దర్నీ భరించే ముఠా ఇంకొకటి లేదు, అందుకు.

రికార్డు చేస్తున్నది గుమస్తాగారి సంగీతం. ఆయనకీ ఒక పేరుంది, కానీ నూట నలభై ఏళ్ళుగా ఎవరూ పలకలేదు కాబట్టి మాకూ అది నోరు తిరగలేదు. పగలంతా ఓడల కంపెనీలో ఉత్తరాలకి నకళ్ళు రాసి, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని సంగీతం రాసుకున్న మనిషి. ఆయన ఈడువాళ్ళు పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలకి రాసి పేరు తెచ్చుకుంటుంటే, ఈయన నలుగురు స్నేహితులు గదిలో కూర్చుని వాయించుకోవడానికి మూడు క్వార్టెట్లు రాశాడు. వాళ్ళు వాయించారో లేదో కూడా తెలీదు. ఆ కాగితాలన్నీ ఒక లైబ్రరీ నేలమాళిగలో పెట్టెలో పడున్నాయి.

వాటిని బయటికి తీసింది మా అక్క. ఇది నేను గొంతు చించుకుని చెబుతున్నానంటే ఇంకెవరూ చెప్పరు కాబట్టి. ఆ లైబ్రరీకి ఉత్తరాలు రాసింది అక్క, వెళ్ళింది అక్క, ఆయన కోడికెలుకుడు రాత చూసి చూసి కళ్ళు పాడుచేసుకున్నది అక్క. ఫొటోలు తీయించుకుని తెచ్చుకుని, రెండేళ్ళు కూర్చుని, ఎవరు వాయించే వరస వాళ్ళకి విడివిడిగా తన చేత్తో రాసిచ్చింది. అప్పటి నుంచి ఆ కాగితాల మీదే వాయిస్తున్నాం. పదమూడేళ్ళు అక్కతో, మూడేళ్ళు అక్క లేకుండా.

కిందటి నెల ఒక పత్రికలో మా బావ ఫొటో వేశారు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని లోకం బరువంతా మోస్తున్నట్టు కూర్చున్నాడు. మరుగున పడిన మహానుభావుణ్ణి వెలికితీసిన విద్వాంసుడట. పేజీన్నర మాట్లాడాడు. అందులో అక్క ఒక్కచోట కనిపించింది, "నా భార్య కూడా సాయం చేసింది" అని. ఆ ‘కూడా’ చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. సొమ్మొకడిది సోకొకడిది. ఆ పేజీ నాలుగు ముక్కలు చేసి, కవర్లో పెట్టి, అతనికే పోస్టు చేశాను.

అయితే అక్క నన్ను ఒట్టిచేతులతో వదల్లేదు. తన రాతప్రతులన్నీ చెల్లెలివని ఒక కాగితం రాసిపెట్టి పోయింది. మొగుడివని రాయలేదు, నావని రాసింది. కట్టలన్నీ నా దగ్గరికొచ్చాయి, ఆ లైబ్రరీ ఫొటోలు తప్ప. అవి ఎక్కడో పోయాయన్నాడు బావ. పోతే పోయాయిలే అనుకున్నాను. ఇప్పుడు రికార్డుల కంపెనీ అక్క ప్రతుల్ని వాడుకోవాలంటే నా సంతకం కావాలి. అందుకే నాకంత నోరు.

కంపెనీ అంటే పెద్ద కంపెనీ అనుకునేరు. ఒకే ఒక్క ఆవిడ. ఎవరూ పట్టించుకోని పాతకాలపు స్వరకర్తల్ని వెతికి రికార్డు చేయడం ఆవిడ పని. మైకులు తనే కడుతుంది, వైర్లు తనే చుడుతుంది, అద్దాల గదిలో కూర్చుని బొత్తాలు తనే నొక్కుతుంది, రికార్డుతో వచ్చే చిన్న పుస్తకం కూడా తనే రాస్తుంది. మేం వాయించే హాలు ఒకప్పుడు ఏదో బడికి ఆటల గది. నేల మీద ఆట గీతలు ఇంకా ఉన్నాయి. మోత ఎక్కువ కాకుండా గోడలకి మందపాటి తివాచీలు వేలాడదీసింది. పైపులో నీళ్ళు పారితే ఆగాలి, బయట లారీ పోతే ఆగాలి, మామయ్య మోకాలు చిటుక్కుమంటే ఆగాలి. ఆఖరి స్వరం అయ్యాక దాని మోత పూర్తిగా అణిగేదాకా కమాను గాల్లోనే ఉంచి ఊపిరి బిగబట్టాలి. ఆ ఐదారు సెకన్లలో ఎవరు కదిలినా మళ్ళీ మొదటికి.

అలాంటి చోట రెండు రోజులుగా ఇద్దరం తిట్టుకుంటున్నాం. నేను ఆలస్యంగా అందుకుంటున్నానని బావ అంటాడు, మీ వెనక ఎవరు తరుముతున్నారో చెబితే నేనూ పరిగెత్తుతానని నేనంటాను. నా శ్రుతి తగ్గిందంటాడు, మీ చెవుల్లో వెంట్రుకలు కత్తిరించుకుంటే సరిగ్గా వినబడుతుందని నేనంటాను. అక్క ఉన్నన్నాళ్ళూ అతన్ని నువ్వనే పిలిచేదాన్ని. ఆమె పోయాక మీరంటున్నాను. అది మర్యాద అనుకుంటే అతని అదృష్టం. మైకులు తెరిచే ఉంటాయి కాబట్టి కంపెనీ ఆవిడ ఇదంతా వింటుంది. మొదటిరోజు సాయంత్రం, మీ మాటలు వేరే రికార్డుగా వేస్తే దీనికంటే బాగా ఆడుతుందేమో అంది. మేమిద్దరం నవ్వలేదు.

మూడో క్వార్టెట్లో మూడో భాగం నాకు ప్రాణం. పైన ‘నిదానంగా, శోకంతో’ అని అక్క రాత. పక్కన వేగం అంకె, నిమిషానికి యాభై రెండు దెబ్బలు. ఆ లెక్కన ఏడు నిమిషాలు పడుతుంది. మొదటి వయొలిన్ పొడుగు పొడుగు స్వరాలతో పాట సాగదీస్తుంటే, కింద రెండో వయొలిన్ మెట్లెక్కి దిగుతున్నట్టు ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అక్కని సాగనంపిన రోజు కూడా మేం వాయించింది అదే. ఆ వేగం పోతే అక్క ఇంకోసారి పోయినట్టే నాకు.

నా వేలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పంతొమ్మిదో ఏట మడతకుర్చీలో పడి నా ఎడమ చిటికెన వేలు నలిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు బిగుసుకుపోయింది. దానివల్ల పెద్ద ఇబ్బందేం లేదని నేనెప్పుడూ చెబుతుంటాను. మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తితే నేనెలా లేస్తానో అందరికీ తెలుసు.

సరే, ఆ పొద్దున శ్రుతులు చేసుకున్నాం. చేసుకోగానే బావ, ఈ భాగం కాస్త చురుగ్గా పోదాం అన్నాడు. ఎంత చురుగ్గా అని కొత్తావిడ అడిగింది. రెట్టింపు అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. ఏడుపు పాటని పరుగుపందెం చేస్తారా అన్నాను. పత్రికల్లో పేరు మింగేశారు చాలదా, ఆమె వేగం కూడా మింగాలా అన్నాను. పెళ్ళాం పోయి మూడేళ్ళయిందో లేదో ఆమె గుర్తులన్నీ విసుగొచ్చాయా అన్నాను. అది అనకూడని మాట. అనాలనే అన్నాను. మామయ్య కళ్ళు మూసుకున్నాడు. బావ మాత్రం చాలా తాపీగా, అంత వేగం నీకు పడకపోతే నాలుగేసి స్వరాలు విడివిడిగా వాయించు, ఆవిడ తర్వాత కత్తిరించి అతికిస్తుంది, ఈ రోజుల్లో అందరూ చేసేదదే అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా అతని వెనక చాకిరీ చేస్తున్న నన్ను ముక్కలు చేసి అతికిస్తాడట. నేను వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేసేశాను.

కంపెనీ ఆవిడ అద్దాల గదిలోంచి బయటికొచ్చింది. మీ ఇద్దరి ఇష్టాలూ పక్కన పెట్టండి, అసలు గుమస్తాగారు ఏం రాశారో అది వాయిద్దాం అంది. నాకు అంతకంటే ఏం కావాలి. అలాగే చెయ్యండి అన్నాను. ఆయన చేతిరాత ప్రతి ఫొటో మీ పుస్తకంలో అచ్చెయ్యండి, మూడో భాగం మొదటి పేజీ, వేగం అంకె కనబడేలా పెద్దగా వెయ్యండి, ఎవరిది నిజమో ఎవరిది గాడిదగుడ్డో కొన్న ప్రతివాడికీ తెలియాలి అన్నాను.

"అదొద్దు" అన్నాడు బావ.

అంత మెత్తగా అతను మాట్లాడటం నేను మూడేళ్ళుగా వినలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు, దొరికాడు అనుకున్నాను. ఇంక వదుల్తానా. ఎందుకొద్దు, ఏం దాస్తున్నారు, ఫొటోలు నిజంగా పోయాయా పోగొట్టారా అని వరసపెట్టి అడిగాను. పోతే నష్టం లేదండీ, పుస్తకంలో వెయ్యడానికని లైబ్రరీ వాళ్ళ దగ్గర నేను మళ్ళీ తెప్పించాను, నిన్ననే వచ్చాయి, ఇంకా తెరిచి చూడలేదు అంది కంపెనీ ఆవిడ. ఆవిడ మాట పూర్తికాకముందే నేను అద్దాల గదిలో ఉన్నాను.

తెర మీద పేజీ తెరుచుకుంది. పసుపుపచ్చ కాగితం, కోడికెలుకుడు రాత. పైన ఎడమ మూలన అంకె. నూట నాలుగు. దాని పక్కన రెండు ఇటాలియన్ మాటలు. మా విద్యలో ఉన్నవాళ్ళకి అవి అర్థం కాకపోవడమంటూ ఉండదు. పరుగున, కోపంతో.

నా ముఖాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

అయినా నేను ఓ పట్టాన ఒప్పుకునే రకాన్నా. ఇది తర్వాత ఎవరో రాసి ఉంటారన్నాను. ఇంకో ప్రతి ఉండే ఉంటుందన్నాను. అక్క అంకె తప్పు రాయడమేమిటన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదిస్తున్నది నేనేనని లోపల తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం ఆగలేదు. హాల్లోకి తిరిగొచ్చి నా స్టాండు మీది కాగితం లాగి అందరి ముందూ ఊపాను. చూడండి, అక్క చేత్తో రాసింది, యాభై రెండు, చుక్కంత సందేహం లేకుండా రాసింది అన్నాను.

మామయ్య తన స్టాండుని నా వైపు తిప్పాడు.

మా పనిలో ఒక వింత ఉంది. పక్కవాళ్ళ కాగితం ఎవరూ చూడరు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చుంటాం, పక్కవాళ్ళు ఊపిరి పీల్చుకునే తీరుని బట్టి ఎంత గట్టిగా వాయించబోతున్నారో చెప్పగలం, కానీ ఎవరి స్టాండు వాళ్ళదే, ఎవరి కాగితం వాళ్ళదే. అవతలివాళ్ళ కాగితం మీద ఏముందో తొంగి చూడాల్సిన పని పదహారేళ్ళలో నాకు ఒక్కసారి కూడా పడలేదు. పడి ఉంటే బాగుండేది.

మామయ్య కాగితం మీద అంకె ఉన్నచోట మచ్చ ఉంది. బ్లేడుతో గీకినచోట కాగితం పల్చబడి అవతలి వెలుతురు కనిపిస్తోంది. దాని మీద యాభై రెండు అని రాసి ఉంది. పక్కనున్న మాటల కింద కూడా అలాగే గీకుడు. నేను బావ స్టాండు దగ్గరికి వెళ్ళాను. అక్కడా అదే మచ్చ. కొత్తావిడ అడక్కుండానే తన కాగితం, అంటే మా అక్క కాగితం, నా ముందు పెట్టింది. నేను చేరేటప్పటికే ఇలా ఉందండీ, నేనేం అడగలేదు అంది. ముగ్గురి కాగితాల మీదా మచ్చలే. నాది ఒక్కటే శుభ్రంగా ఉంది. నాది ఒక్కటే మళ్ళీ మొదటి నుంచీ కొత్తగా రాసింది, గీకినట్టు నాకు తెలియకుండా.

"అందరికీ తెలుసన్న మాట" అన్నాను.

మామయ్య ఆ రోజు తన వంతు పది మాటలూ దాటి మాట్లాడాడు. "ముందు నూట నాలుగే రాసిందమ్మా. నీకివ్వబోయే ముందు అనుమానం వచ్చింది. మీ బావ వయొలిన్ తీసుకుని, తన చిటికెన వేలుకి చెక్కముక్క పెట్టి గుడ్డతో కట్టేసుకుని, నీ వరస వాయించి చూసింది. ఒక పూటంతా చూసింది. పడలేదు. పడదని నీతో చెప్పలేక కాగితం మార్చింది. మాచేత ఒట్టేయించుకుంది."

నేను పెట్టె తెరిచి వయొలిన్ తీశాను. నిలబడే, నా వరస నూట నాలుగులో అందుకున్నాను. మొదటి లైను గడిచింది. రెండో లైనులో చిటికెన వేలు చాచి, వెనక్కి తీసి, మళ్ళీ చాచాలి, అదీ రెప్పపాటులో. చాచింది, తిరిగి రాలేదు. మళ్ళీ మొదలెట్టాను. అక్కడే ఆగింది. మూడోసారీ అక్కడే. బావ కూడా దెప్పలేదు. ఏదో ఒకటి అని ఉంటే నాకు ఇంత సిగ్గుగా ఉండేది కాదు.

సిగ్గు పట్టలేనప్పుడు నాకు కోపమే దిక్కు. అప్పుడే నాకొకటి తట్టింది. మొదటి వయొలిన్ వరస అంతా పొడుగు స్వరాలే కదా. దానికి చిటికెన వేలుతో పనే లేదు, ఎంత వేగమైనా నేను వాయించగలను. పరుగెత్తే రెండో వరస బావ వేళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. ఈ ఒక్క భాగానికి ఇద్దరం కుర్చీలు మార్చుకుంటే సరిపోయేది. నాకు తట్టింది అక్కకి తట్టకుండా ఉంటుందా? అదే అడిగాను.

బావ చేతిలో రోజిన్ ముక్క అటూ ఇటూ తిప్పుతున్నాడు. చెబుతావా నన్ను చెప్పమంటావా అల్లుడూ అన్నాడు మామయ్య.

"అడిగింది" అన్నాడు బావ. "మూడుసార్లు అడిగింది. రెండో కుర్చీలో కూర్చోడానికి నేను పుట్టలేదన్నాను. మూడోసారి అలా అన్నాక ఇంక అడగలేదు. బ్లేడు తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. నేను ఎదురుగానే ఉన్నాను. పేపరు చదువుకుంటున్నాను."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ తిట్లన్నీ కంపెనీ ఆవిడ మైకుల్లోకి పోయాయి. పొగరుబోతు అన్నాను, పెళ్ళాం ఉసురు పోసుకున్నావన్నాను, నీ కుర్చీ నీతో కాటికి తీసుకుపో అన్నాను. అతను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని మనిషిని ఎంతసేపు తిడతాం. తిడుతూ తిడుతూ మధ్యలో నా గొంతు నేనే విన్నాను. ఇదిగో ఈ గొంతుకి భయపడే కదా ఆమె నాకు చెప్పలేదు. వేలు పడదని చెప్పి ఉంటే ఏం చేసేదాన్ని? వయొలిన్ విసిరికొట్టి పోయేదాన్ని, ఏడాదిపాటు గుమ్మం తొక్కేదాన్ని కాదు. ఆ మొగుడితోనూ ఈ చెల్లెలితోనూ వేగలేక, చచ్చిపోయిన గుమస్తాని పట్టుకుని మీరే కాస్త సర్దుకోండి అంది మా అక్క. ఆయనొక్కడే కదా ఎదురు చెప్పనివాడు.

మరి ఇప్పుడెందుకు రెట్టింపు అన్నావని అడిగాను. ఒక్కసారైనా గుమస్తాగారు రాసినట్టు బయటికి రావాలని బావ మూడేళ్ళుగా అనుకుంటున్నాడట. అక్క అంకె మార్చిందని లోకానికి తెలియకూడదు, ఎందుకు మార్చిందో నాకు తెలియకూడదు. ఫొటోలు దాచింది అందుకే. నన్ను నాలుగు మాటలంటే కోపమొచ్చి నేనే లేచిపోతాననీ, ఆ భాగానికి ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోవచ్చనీ అనుకున్నాడట. అతని తెలివి అక్కడిదాకానే పనిచేసింది. ఇంత విన్నాక కూడా కుర్చీ మారతానన్న మాట అతని నోట రాలేదు.

"లే బావా" అన్నాను. "కుర్చీ ఖాళీ చెయ్యి."

అరవై ఆరేళ్ళ మనిషి. చదువుకునే రోజుల నుంచీ మొదటి కుర్చీ తప్ప ఎరగడు. ఆ కుర్చీని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కొత్తావిడ నేల మీది గీతలు చూస్తోంది. మామయ్య చెల్లో తీగ శ్రుతి చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. చివరికి లేచాడు. నా స్టాండు ముందు కూర్చుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఇన్ని చిన్న చిన్న స్వరాలా అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా నీ వెనక వాయిస్తున్నవి అవే, ఎప్పుడైనా విన్నావా అన్నాను.

మధ్యాహ్నం దాటేదాకా సాధన చేశాం. అతను తప్పు వాయించిన ప్రతిసారీ నాకు హాయిగా ఉంది, అబద్ధమెందుకు. నేను మొదట్లో మరీ గట్టిగా వాయించేశాను. మొదటి కుర్చీలో కూర్చోగానే ఒళ్ళు తెలియలేదు చూశావా అని అతనూ దెప్పాడు. వేగం నూట నాలుగుకి వచ్చేసరికి ఇద్దరికీ బట్టలు వీపుకి అంటుకున్నాయి. మూడు గంటలప్పుడు కంపెనీ ఆవిడ ఎర్రదీపం వెలిగించింది.

అది శోకగీతం కాదు. ఎప్పుడూ కాదు. అది పోట్లాట. మొదటి వయొలిన్ నిలబడి అరుస్తుంటే రెండోది కింద నుంచి మడమలు కొరుకుతూ తరుముతుంది. ఒకరి మాట పూర్తికాకుండా ఇంకొకరు అందుకుంటారు. పదహారేళ్ళుగా ఈ సంగీతం నాకు కంఠతా వచ్చనుకున్నాను. నాకు దీని ముఖం కూడా తెలీదు. గుమస్తా ఎవరింట్లో ఎవరి మధ్య కూర్చుని ఇది రాశాడో గానీ, మనుషులు తిట్టుకోవడం బాగా విన్నవాడు.

ఆ మధ్యలో వయోలా ఉంది. నిదానంగా వాయించినప్పుడు దాని వరస చిన్న చిన్న నిట్టూర్పుల్లా ఉండేది, ఓదారుస్తున్నట్టు ఉండేది. ఈ వేగంలో అది వేరు. ఇద్దరు అరుచుకుంటుంటే మధ్యలో ఎవరో ఏదో చెప్పబోతున్నారు. రెండు స్వరాలు అంటారు, మొదటి వయొలిన్ కప్పేస్తుంది. మళ్ళీ రెండు అంటారు, రెండో వయొలిన్ కప్పేస్తుంది. చివరిదాకా ఒక్కసారి కూడా ఆ మాట పూర్తికాదు. అది మా అక్క వరస. గుమస్తా ప్రతి మొత్తం చదివింది ఆమె ఒక్కతే. తను ఎవరి మధ్య కూర్చుని ఏం వాయిస్తోందో ఆమెకి పదమూడేళ్ళూ తెలుసు.

మూడున్నర నిమిషాల్లో అయిపోయింది. కమానులు గాల్లో ఉన్నాయి, కదలకూడదు. నా కళ్ళలోంచి నీళ్ళు కారి వయొలిన్ మీద పడుతున్నాయి. ఆ చప్పుడు మైకుకి వినబడుతుందేమోనని భయమేసింది. మోత అణిగి ఎర్రదీపం ఆరిపోయేదాకా అలాగే బావా నేనూ ఒకరి ముఖం ఒకరం చూస్తూ కూర్చున్నాం.

"మీ అక్క ఒక్కసారి వినుంటే" అన్నాడు బావ.

"ఆ మాట ఎత్తకు. విననివ్వంది మనమే."

కంపెనీ ఆవిడ బయటికొచ్చింది. చాలా బాగా వచ్చింది, కానీ జాగ్రత్తకి ఇంకోసారి వాయించండి అంది. ఇంతకాలం వేరే వేగంలో వాయించారు కదా, పుస్తకంలో దాని గురించి ఏం రాయమంటారని అడిగింది. ఉన్నది రాయండి అన్నాను. నేలమాళిగలోంచి ఈ సంగీతం తీసి మాకు రాసిచ్చింది మా అక్క, ఆమె పేరు అన్నిటికంటే పైన రాయండి. మూడో భాగం వేగం ఆమె కావాలని మార్చింది, ఎందుకంటే రెండో వయొలిన్‌కి వేలు బాగోలేదు, మొదటి వయొలిన్‌కి పొగరు. ఇలాగే రాయనా అని ఆవిడ బావ వైపు చూసింది.

"పొగరు ముందు రాయండి" అన్నాడు బావ.

నేను సంతకం పెట్టేశాను. మళ్ళీ కూర్చున్నాం. కమాను ఎత్తబోతూ ఆగి, మేమిద్దరం కాస్త తగ్గుతాం, మీరు గట్టిగా వాయించండి అని కొత్తావిడతో చెప్పాను. సరిగ్గా అదే మాట చెప్పడానికి బావ కూడా ఆవిడ వైపు తిరిగి ఉన్నాడు.